జాక్ తాతి 'ప్లేటైమ్' ఎందుకు మునిగింది? అప్పు వైపు నుంచి ఒక జవాబు

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. ఇప్పుడు అందరూ మాస్టర్‌పీస్ అంటున్న ఫ్రెంచ్ దర్శకుడు జాక్ తాతి 'ప్లేటైమ్' 1967లో విడుదలైనప్పుడు ఎందుకంత ఘోరంగా పోయింది? సినిమా కోసం ఊరంత సెట్ వేయడం పిచ్చిపని కాదా? ఇల్లు తాకట్టు పెట్టి సొంత సినిమా తీయాలనుకునేవాళ్లు దీన్నుంచి ఏం తెలుసుకోవాలి? ఇప్పుడు చూడాలంటే ఏ ప్రింటు చూడాలి? నేను చాలా ఏళ్లు సినిమా ఆఫీసుల్లో ప్రొడక్షన్ లెక్కలు చూసినవాణ్ణి. అందుకే నా జవాబులో డబ్బు ఎటు నుంచి వచ్చింది, ఎటు పోయింది అన్నదే ఎక్కువ ఉంటుంది. ఈ సినిమా అంటే నాకు ప్రాణం. అయినా లెక్క లెక్కే.

ముందుగా ఒకటి సరిచేస్తాను. ప్లేటైమ్‌ను ఎవరూ చూడలేదన్నది నిజం కాదు. ఒక్క ఫ్రాన్స్‌లోనే పది లక్షలకు పైగా టికెట్లు తెగాయి. మామూలు బడ్జెట్‌తో తీసిన కామెడీకి ఆ మాత్రం వస్తే నిర్మాత హాయిగా నిద్రపోతాడు. కానీ తాతి అంతకుముందు తీసిన 'మోనోంక్ల్'కు అదే దేశంలో నలభై లక్షలు దాటాయి. ప్లేటైమ్ ఖర్చు కోటిన్నర ఫ్రాంకులు దాటిపోయింది. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో అంత ఖర్చుపెట్టి తీసిన సినిమాలు చాలా అరుదు. అంటే పాత సినిమా ఆడినంత ఆడినా సరిపోదు, అమెరికాలో కూడా ఆడాలి. విడుదలకు ముందే దాని మెడకు అంత బరువు కట్టి ఉంది. అందుకే ఫ్లాప్ కథ థియేటర్ దగ్గర కాకుండా మూడేళ్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి.

తాతి మ్యూజిక్ హాల్ నుంచి వచ్చినవాడు. మాట లేకుండా, ఒక్క ఒంటితోనే టెన్నిస్ ఆటగాణ్ణీ బాక్సర్‌నీ గుర్రాన్నీ దానిమీది రౌతునీ చూపించి పేరు తెచ్చుకున్నాడు. 1949లో 'జూర్ ద ఫెత్' తీశాడు. 1953లో ముస్యే హులో అనే పాత్రను పుట్టించాడు. పొడుగాటి మనిషి, నోట్లో పైపు, చీలమండల పైకే ఆగిపోయే ప్యాంటు, ఎవరో వెనక నుంచి నెట్టినట్టు ముందుకు వంగిన నడక. ఆ పాత్రతోనే 1958లో 'మోనోంక్ల్' వచ్చింది. కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి, మరుసటి ఏడాది ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్. పదేళ్లలో మూడే సినిమాలు, మూడూ ఆడాయి. అన్నిటికన్నా ముఖ్యం, స్పెక్టా ఫిల్మ్స్ అని సొంత కంపెనీ ఉంది, హక్కులు తన చేతిలోనే ఉన్నాయి. దర్శకుడి చేతిలో తన పాత సినిమాల హక్కులుండటం ఎంత పెద్ద ఆస్తో మన దగ్గర పాత నిర్మాతల పిల్లల్ని అడిగితే చెబుతారు. శాటిలైట్ హక్కుల కాలం వచ్చాక, పాత నెగటివ్‌లు నిలబెట్టుకున్నవాళ్ల ఇళ్లు నిలబడ్డాయి, చవగ్గా అమ్ముకున్నవాళ్లు చూస్తూ ఉండిపోయారు.

ఆ ఆస్తి మీదే తాతి ప్లేటైమ్ మొదలుపెట్టాడు.

ఇక సెట్ సంగతి. ఈ సినిమాలో కథ పెద్దగా లేదు. కొంతమంది అమెరికన్ మహిళలు టూరిస్టులుగా పారిస్‌కు వస్తారు. వాళ్లకు కనపడేది అంతా గాజు, స్టీలు, బూడిద రంగు. ఎయిర్‌పోర్టు ఆసుపత్రిలా ఉంటుంది, ఆఫీసు ఎయిర్‌పోర్టులా ఉంటుంది. ఐఫిల్ టవర్ ఒక గాజు తలుపు తెరిచినప్పుడు దానిలో ప్రతిబింబంగా మాత్రం కనిపిస్తుంది. ఎవరినో కలుసుకోవాల్సిన పనిమీద వచ్చిన హులో ఆ గాజు గదుల మధ్య దారి తప్పుతాడు. రాత్రికి అందరూ అప్పుడే తెరిచిన ఒక రెస్టారెంట్‌లో చేరతారు, తెల్లారేలోపు ఆ రెస్టారెంట్ ముక్కలు ముక్కలవుతుంది. అంతే.

దీన్ని అసలైన లొకేషన్లలో తీయగలిగేవాడా? నా లెక్కలో తీయలేకపోయేవాడు. పనిచేస్తున్న ఎయిర్‌పోర్టును, నడిచే ఆఫీసును నెలల తరబడి ఎవరు ఖాళీ చేసి ఇస్తారు? తాతి పద్ధతి తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అతను ఫ్రేమ్‌లో మూలన నడిచిపోయే మనిషికి కూడా ప్రత్యేకమైన పని ఇస్తాడు, ఆ పనిని తనే చేసి చూపిస్తాడు. వందమంది జూనియర్ ఆర్టిస్టులుంటే వందమందికీ వేరువేరు నడకలు. అలాంటి మనిషికి పర్మిషన్ కాగితం మీద రాసిచ్చిన నాలుగు గంటలు ఏం సరిపోతాయి? గాజు భవనాల్లో ఇంకో చిక్కుంది. కెమెరా ఎటు పెట్టినా ఏదో ఒక అద్దంలో యూనిట్ కనపడుతుంది. అద్దాన్ని నాలుగు అంగుళాలు తిప్పాలంటే అది మీ అద్దమై ఉండాలి. కాబట్టి సెట్ వేయడం తప్పు అనను. ఈ సినిమాకు సెట్టే స్టార్, పెద్ద హీరోయిన్‌కు ఇచ్చే డబ్బు కన్నా దీనికి ఎక్కువేమీ కాలేదు అని తాతి వాదించేవాడు. ఆ వాదనలో బలం ఉంది.

1964లో పారిస్‌కు తూర్పు దిక్కున, వెన్సేన్ అడవి పక్కన సాఁ మోరిస్‌లో, ఖాళీ స్థలంలో పని మొదలైంది. దాదాపు 15,000 చదరపు మీటర్ల జాగా. వందమంది పనివాళ్లు. వెయ్యి చదరపు మీటర్లకు పైగా గాజు. తారు రోడ్లు, ట్రాఫిక్ లైట్లు, నిజంగా కదిలే ఎస్కలేటర్, సొంత కరెంటు. జనం దానికి తాతివిల్ అని పేరు పెట్టేశారు. ఆర్ట్ డైరెక్టర్ యూజీన్ రోమాఁ చేసిన పనిని ఇవాళ్టికీ మన సెట్ వేసేవాళ్లు కూర్చుని చూడాలి. కొన్ని భవనాలను పట్టాల మీద నిలబెట్టారు, అటూ ఇటూ జరిపి కొత్త వీధి చేసుకోవచ్చు. దూరంగా కనపడే అంతస్తులు కొన్ని పెద్ద సైజు ఫోటోలు. వెనకాల నిలబడ్డ మనుషుల్లో కొందరు ప్రాణం లేని కటౌట్లు. ఆగి చూస్తే వాళ్లు కదలరని ఇప్పటికీ పట్టుకోవచ్చు. డబ్బును నీళ్లలా పోసేవాడు కటౌట్లు పెట్టడు. వాళ్లు ఎక్కడ మిగల్చొచ్చో అక్కడ మిగిల్చారు. నటీనటుల దగ్గరా అంతే. టూరిస్టు మహిళల్లో చాలామంది పారిస్ దగ్గరి సైనిక స్థావరంలో పనిచేసే అమెరికన్ అధికారుల భార్యలు. ముఖ్య పాత్ర వేసిన బార్బరా డెన్నెక్ సినిమా నటి కాదు, పిల్లల్ని చూసుకునే పనికి జర్మనీ నుంచి వచ్చిన అమ్మాయి. పారితోషికాల పద్దు చాలా చిన్నది.

మరి డబ్బు ఎక్కడ పోయింది? సెట్ వేయడానికి అయ్యే ఖర్చు ఒకటి, సెట్‌ను నిలబెట్టి ఉంచడానికి అయ్యే ఖర్చు ఇంకొకటి. మొదటిది ఎస్టిమేట్‌లో ఉంటుంది, రెండోది ఉండదు. ఆరుబయట అంత గాజు పెట్టారు కదా, 1964లోనే తుపాను గాలులకు సెట్ దెబ్బతింది. బాగు చేయడానికి 14 లక్షల ఫ్రాంకులు అయ్యాయి. కెమెరా తిరగకముందే ఒక మామూలు సినిమా బడ్జెట్ మరమ్మతుకు పోయిందన్నమాట.

ఆ తర్వాత జరిగింది మన ఇండస్ట్రీలో ఎవరికైనా బాగా తెలిసిన కథే. డబ్బు ఒకేసారి లేదు, ముక్కలు ముక్కలుగా వస్తోంది. అయిపోయినప్పుడల్లా షూటింగ్ ఆగుతుంది. తాతి మళ్లీ బ్యాంకుల చుట్టూ తిరుగుతాడు, సొంత పేరు మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీస్తాడు, మళ్లీ మొదలవుతుంది. షూటింగ్ ఆగితే ఖర్చు ఆగుతుందని బయటివాళ్లు అనుకుంటారు. ఆగదు. స్థలం అద్దె ఆగదు, కాపలా ఆగదు, వానకు తడిసిన చెక్క మళ్లీ రంగు అడుగుతుంది, వడ్డీ అయితే ఆదివారం కూడా పనిచేస్తుంది. ఆగినన్నాళ్లు యూనిట్‌ను నిలుపుకోవాలి, లేకపోతే కొత్తవాళ్లను పెట్టుకుని మొదటి నుంచి నేర్పుకోవాలి. నా అనుభవంలో ఆగి ఆగి పూర్తయిన సినిమా, ఆగకుండా పూర్తయిన సినిమాకు రెట్టింపు ఖర్చు తేలుతుంది. ప్లేటైమ్ మొదలుపెట్టిన 1964కూ విడుదలైన 1967 డిసెంబర్‌కూ మధ్య మూడేళ్లు. అందులో ఎంతకాలం కెమెరా తిరిగింది, ఎంతకాలం డబ్బు కోసం కూర్చున్నారు అని విడదీసి చూస్తే కోటిన్నర ఎలా అయిందో తెలుస్తుంది.

ఇక్కడ తాతి పట్టుదలనూ తూకం వేయాలి. వడ్డీ పెరుగుతోందని అతను పని తగ్గించుకోలేదు. రెస్టారెంట్ ఘట్టం తీసుకోండి. రాయల్ గార్డెన్ అని దాని పేరు, సినిమాలో ముప్పావు గంట దాకా నడుస్తుంది. మేస్త్రీలు ఇంకా సర్దుతూ ఉండగానే కస్టమర్లు వచ్చేస్తారు. కుర్చీల వీపున ఇనుప కిరీటం గుర్తు ఉంటుంది, కూర్చుని లేచిన ప్రతివాడి కోటు మీద ఆ అచ్చు పడుతుంది. ఒక టేబుల్ మీద చేప పెడతారు. ఒక వెయిటర్ వచ్చి దానికి సాస్ పోసి మిరియాల పొడి చల్లి వెళ్తాడు, ఇంకొకడు వచ్చి మళ్లీ అదే చేస్తాడు, ఆ చేప మాత్రం ఎవరి ప్లేటులోకీ రాదు. ఒక వెయిటర్ ప్యాంటు కుర్చీకి తగులుకుని చిరుగుతుంది. ఇక అక్కడి నుంచి మిగతా వెయిటర్ల చిరిగినవి, తడిసినవి, మరకపడ్డవి అన్నీ అతనికే తగిలిస్తూ పోతారు. ముందు తలుపు గాజు హులో తగిలి పొడి పొడి అయిపోతుంది. డోర్‌మ్యాన్ కంగారుపడకుండా పెద్ద ఇత్తడి పిడిని చేత్తో పట్టుకుని, లేని తలుపును ఉన్నట్టే తీస్తూ వేస్తూ ఉంటాడు. వచ్చినవాళ్లు ఆ లేని తలుపులోంచే మర్యాదగా లోపలికి వెళ్తారు, టిప్పు కూడా ఇస్తారు.

ఇవేవీ ఒకదాని తర్వాత ఒకటి జరగవు. అన్నీ ఒకే సమయంలో, ఒకే ఫ్రేమ్‌లో, వేరువేరు మూలల్లో జరుగుతాయి. క్లోజప్ పెట్టి 'ఇదిగో ఇక్కడ నవ్వండి' అని తాతి చూపించడు. ఎక్కడ చూడాలో మనమే వెతుక్కోవాలి. ఇంతమందిని ఒకే షాట్‌లో తూచినట్టు కదిలించాలంటే టేకుల మీద టేకులు కావాలి. పైగా సినిమా మొత్తం, మామూలు 35 ఎం.ఎం. ఫిల్మ్‌కు రెట్టింపు వెడల్పుండే 70 ఎం.ఎం.లో తీశాడు, ఆరు ట్రాకుల స్టీరియో సౌండ్‌తో. లొకేషన్ సౌండ్ మీద ఆధారపడకుండా, అడుగుల చప్పుడు, కుర్చీ మెత్త నొక్కితే వచ్చే గాలి చప్పుడు, తలుపు చప్పుడు అన్నీ తర్వాత కూర్చాడు. మొదట్లో హులో ఒక ఆఫీసర్ కోసం కూర్చుని ఉంటాడు. ఆ ఆఫీసర్ పొడవాటి వసారా చివర నుంచి నడిచి వస్తుంటాడు. బూట్ల చప్పుడు ముందే వినపడుతుంది, మనిషి మాత్రం ఎంతకీ దగ్గరికి రాడు. హులో లేవబోతే పక్కనున్న ముసలి డోర్‌మ్యాన్ ఇంకా టైముందని కూర్చోబెడతాడు. ఆ నవ్వు పూర్తిగా చప్పుడులోనే ఉంది. మామూలు స్పీకర్ మీద అది సగం చచ్చిపోతుంది.

నా దృష్టిలో అసలు గొయ్యి ఇక్కడ పడింది. సినిమాను 70 ఎం.ఎం. స్టీరియో ఉన్న థియేటర్లకే ఇస్తానని తాతి పట్టుబట్టాడు. కళాకారుడిగా అతని మాట నూటికి నూరు పాళ్లు సబబు. చిన్న తెర మీద ఆ చేప కనపడదు, ఆ వెయిటర్ కనపడడు. కానీ 1967లో అలాంటి హాళ్లు ఫ్రాన్స్‌లో ఎన్ని ఉండేవి? పెద్ద ఊళ్లలో కాసిని. హులోను ప్రేమించిన జనం పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఉన్నారు, వాళ్ల ఊరి హాల్లో 35 ఎం.ఎం. ప్రొజెక్టర్ ఉంది. 'మోనోంక్ల్'కు ఆ నలభై లక్షల మంది ఎక్కడి నుంచి వచ్చారో అక్కడికి ప్లేటైమ్ వెళ్లలేదు. ఎక్కువ ఖర్చుపెట్టిన సరుకును తక్కువ కొట్లకు పంపడమంటే ఇదే. బయ్యర్ల, అంటే సినిమాను ఏరియాలవారీగా కొనేవాళ్ల, లెక్కలు చూసినవాళ్లకు దీని అర్థం వెంటనే తెలుస్తుంది. సెంటర్ల సంఖ్య తగ్గినప్పుడు, ఆ ఉన్న సెంటర్లు హౌస్‌ఫుల్ అయినా పెట్టుబడి వెనక్కి రాదు.

1967 డిసెంబర్ 16న పారిస్‌లో ఎంపైర్ థియేటర్లో వేశారు. నిడివి 155 నిమిషాలు. విమర్శకుల్లో కొందరు ఆ రోజే దీని గొప్పతనం పట్టుకున్నారు, చాలామంది విసుక్కున్నారు. మామూలు ప్రేక్షకుడి బాధ వేరు. అతను హులోను చూడటానికి వచ్చాడు. తెర మీద హులో ఉన్నాడు కానీ ఎక్కడో దూరంగా, గుంపులో. పైగా అలాంటి టోపీ, అలాంటి రెయిన్‌కోటు వేసుకున్న దొంగ హులోలు మధ్యమధ్య కనపడి ప్రేక్షకుణ్ణి బోల్తా కొట్టిస్తారు. ఈ సినిమాలో ఎవరూ హీరో కాదు, అందరూ సమానమే అన్నది తాతి ఉద్దేశం. నాకు అందులో గొప్ప ప్రజాస్వామ్యం కనపడుతుంది. కానీ పోస్టర్ మీద హులోను చూసి టికెట్ కొన్నవాడికి అది చెప్పి లోపలికి పంపలేదు కదా. మన దగ్గర పెద్ద హీరో సినిమాలో హీరో పావుగంటే ఉంటే ఫ్యాన్స్ ఏమంటారో ఊహించుకోండి.

విడుదలయ్యాక సినిమాను తాతి తనే కత్తిరించాడు. డిస్ట్రిబ్యూటర్ల ఒత్తిడి మీద 155 నిమిషాలు రెండు గంటల చిల్లరకు వచ్చింది. దానివల్ల ఏమీ మారలేదు. కొందరు 1968 మే నెల విద్యార్థుల గొడవలు, సమ్మెలు దెబ్బతీశాయంటారు. సినిమా అప్పటికి అయిదు నెలల పాతది, నడ్డి విరగాల్సింది అప్పటికే విరిగింది. అమెరికా మీద పెట్టుకున్న ఆశ ఇంకా దారుణం. అక్కడ డిస్ట్రిబ్యూటర్ దొరకలేదు. చివరికి 1973లో విడుదలైంది, అదీ వాళ్లు అడిగినట్టు 35 ఎం.ఎం.కు తగ్గించి, 103 నిమిషాలకు కోసి. ఏ షరతు కోసం ఫ్రాన్స్‌లోని చిన్న ఊళ్లను వదులుకున్నాడో ఆ షరతు అక్కడ నిలబడలేదు. అప్పటికి నిలబెట్టుకోవడానికి చేతిలో ఏమీ లేదు కూడా.

తాతివిల్‌ను కూల్చకుండా ఉంచి, కుర్ర దర్శకులు పనిచేసుకునే స్టూడియోగా వాడాలని అతనికి ఉండేది. ఆ సెట్ మీదే అతని అసిస్టెంట్ నికొలా రిబోవ్‌స్కీ ఒక చిన్న సినిమా తీశాడు, అందులో తాతి నటించాడు. కానీ స్థలం రోడ్డు కోసం కావాల్సి వచ్చింది, అంతా నేలమట్టం చేశారు. ఈ విషయం నన్ను చాలా బాధపెడుతుంది. అప్పు తీర్చగల ఒకే ఒక్క వస్తువు, అద్దెకిచ్చి సంపాదించగల వస్తువు అదే.

అప్పుల వాళ్లు వచ్చారు. సాఁ జెర్మాఁ ఆఁ లే లోని కుటుంబం ఇల్లు అమ్మేశాడు. అతని తల్లి పోయిన కొన్నాళ్లకే ఇది జరిగింది. 1971లో 'త్రాఫిక్' తీశాడు, అందులో హులోను మళ్లీ ముందుకు తేవాల్సి వచ్చింది. ఆ తర్వాత స్వీడన్ టెలివిజన్ కోసం సర్కస్ మీద 'పరాద్' అనే సినిమా చేశాడు. 1974లో స్పెక్టా ఫిల్మ్స్ దివాలా ప్రక్రియ ముగిసి కంపెనీ మూతపడింది. కంపెనీ చేతిలోని సినిమా హక్కులన్నీ వేలం వేశారు. వచ్చింది 1,20,000 ఫ్రాంకులకు కాస్త పైన. పైన చెప్పిన తుపాను మరమ్మతు అంకె గుర్తు చేసుకోండి, 14 లక్షలు. ఒక మనిషి జీవితమంతా తీసిన సినిమాలకు, గాలివానకు పగిలిన గాజుకు అయిన ఖర్చులో పదో వంతు కూడా రాలేదు. ఆస్కార్ తెచ్చిన సినిమా కూడా ఆ గంపలోదే. 1982 నవంబర్‌లో తాతి పోయాడు. మధ్యలో 1977లో ఫ్రెంచ్ సినిమా అవార్డు సెజార్‌లో గౌరవ పురస్కారం ఇచ్చారు. కొత్త సినిమాకు స్క్రిప్టు చేతిలో ఉంది, అది తెరకెక్కలేదు.

ఇక మీ మూడో ప్రశ్న, ఇల్లు తాకట్టు పెట్టి సినిమా తీసేవాళ్ల గురించి. మీరు అడిగిన తీరు చూస్తే అది మీ గురించే అనిపించింది, అందుకే సూటిగా చెబుతాను. తాతి చేసిన తప్పుల్లో సెట్ లేదు, నిడివి లేదు, హులోను వెనక్కి నెట్టడం లేదు. అవి లేకపోతే ఆ సినిమానే లేదు. తప్పు ఏమిటంటే దర్శకుడు, నటుడు, నిర్మాత, అప్పుకు హామీ సంతకం పెట్టినవాడు నలుగురూ ఒక్కడే. దర్శకుడు 'ఇంకో టేక్' అన్నప్పుడు 'ఇవాళ్టికి చాలు' అనే మనిషి ఆ ప్రాంగణంలో లేడు. మంచి ప్రొడ్యూసర్ ఎప్పుడూ దర్శకుడికి శత్రువు కాడు. డబ్బు అయిపోయే తేదీ అతనికి తెలుసు, ఆ తేదీకి ముందే సినిమా పూర్తయ్యేలా కథలో ఏది తగ్గించాలో దర్శకుడితో కూర్చుని తేలుస్తాడు. తాతి పక్కన అలాంటివాడు ఒకడు ఉండి, ఆ అధికారం అతనికి కాగితం మీద రాసిచ్చి ఉంటే, రాయల్ గార్డెన్ అలాగే ఉండేది, మధ్యలో ఆగిన నెలలు మాత్రం తగ్గేవి.

రెండో తప్పు ఇంకా పెద్దది. కొత్త సినిమా కోసం పాత సినిమాల హక్కుల్ని పూచీ పెట్టడం. కొత్త సినిమా పోతే డబ్బు పోతుంది, అది వ్యాపారంలో ఉండేదే. కానీ పాత సినిమాలు మీరు బతికున్నంతకాలం ఏటా కొంచెం కొంచెం కాసే చెట్లు. వాటిని నరికి పొయ్యిలో పెడితే వచ్చే ఏడాదికి ఏముంటుంది? రాజ్ కపూర్‌ను చూడండి. 'మేరా నామ్ జోకర్' 1970లో అతన్ని అప్పుల్లో ముంచింది, అదీ ఏళ్ల తరబడి ప్రేమతో తీసిందే, నాలుగు గంటలు దాటిన సినిమానే. కానీ చెంబూర్‌లో స్టూడియో అతని చేతిలోనే మిగిలింది. 1973లో 'బాబీ' తీసి గట్టెక్కాడు. మళ్లీ నిలబడటానికి కాళ్ల కింద నేల ఉంది. తాతికి ఆ నేల లేకుండా పోయింది. 'త్రాఫిక్'ను ఇతరుల డబ్బుతో, ఇతరుల షరతుల మీద తీయాల్సి వచ్చింది.

కాబట్టి మీకు ఒక కథ మీద అంత ప్రేమ ఉంటే తీయండి. నేను ఎవరినీ వద్దనే రకం కాదు. కానీ బ్యాంకు మేనేజర్ ముందు కూర్చునేలోపు రెండు పనులు చేసుకోండి. ఇంటి కాగితాలు, ఇంతకుముందు తీసిన వాటి హక్కులు ఉంటే అవీ, సినిమా కంపెనీకి సంబంధం లేకుండా విడిగా పెట్టుకోండి, ఎంత టెన్షన్ వచ్చినా వాటి జోలికి పోనని ఇంట్లోవాళ్ల ముందు అనుకోండి. అలాగే సినిమా ఏ తెర మీద ఆడుతుందో స్క్రిప్టు దశలోనే తేల్చుకోండి. ఇప్పుడు 70 ఎం.ఎం. గొడవ లేదు కానీ అదే చిక్కు వేరే రూపంలో ఉంది. పెద్ద థియేటర్‌కే పనికొచ్చే సినిమా తీసి, చివరికి ఫోన్‌లో చూసేవాళ్లకు అమ్ముకోవాల్సి వస్తే రెండువైపులా నష్టపోతారు. ఫస్ట్ కాపీ, అంటే పూర్తయిన మొదటి ప్రింటు, వచ్చాక బయ్యర్‌ను వెతుక్కుందాంలే అన్నవాళ్ల ఆఫీసు మెట్లు నేను చాలానే ఎక్కి దిగాను. అక్కడ మొదట ఖాళీ అయ్యేది టీ తెచ్చే కుర్రాడి జీతం.

ప్రింటు సంగతి. 155 నిమిషాల తొలి కూర్పు ఇప్పుడు పూర్తిగా దొరకదు. తాతి కూతురు సోఫీ, రంగస్థల దర్శకులు జెరోమ్ దెషాఁ, మాషా మాకెయెఫ్‌లు కలిసి 2001లో ఒక సంస్థ పెట్టి తాతి సినిమాలను మళ్లీ ఒక గూటికి చేర్చారు. సోఫీ అదే ఏడాది పోయింది. 2002లో పునరుద్ధరించిన ప్లేటైమ్‌ను కాన్‌లో వేశారు, నిడివి 124 నిమిషాలు. 2022లో బ్రిటిష్ సినిమా పత్రిక 'సైట్ అండ్ సౌండ్' అన్ని కాలాల గొప్ప సినిమాల కోసం ప్రపంచ విమర్శకులతో చేసిన ఎంపికలో దీనికి 23వ స్థానం వచ్చింది. మీరు చూడాల్సింది ఆ 124 నిమిషాల కూర్పే. 103 నిమిషాలది ఎక్కడైనా కనపడితే వదిలేయండి. ఫోన్‌లో మాత్రం చూడొద్దు, దొరికినంత పెద్ద టీవీ మీద చూడండి, మంచి స్పీకర్లు లేకపోతే హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. మొదటి అరగంట ఏమీ జరగట్లేదనిపిస్తుంది, ఓపిక పట్టండి. రాయల్ గార్డెన్ అయ్యాక అక్కడికే వెనక్కి వెళ్లి ఇంకోసారి వేసుకోండి. రెండోసారి హులోను వదిలేసి, ఆ చేప చుట్టూ వెయిటర్లు ఎన్నిసార్లు తిరిగారో చూడండి, ఆ చిరిగిన ప్యాంటు కుర్రాడి ఒంటి మీద చివరికి ఎవరెవరి బట్టలున్నాయో చూడండి.